ఐదు గంటల దగ్గర ఆగిన ఇల్లు

సోమవారం తెల్లవారుజామున ఐదు గంటలకు సెట్టింగుల దగ్గర ఆగిపోయిన ఇల్లు గురువారం దాకా కదలకపోయేసరికి, దాన్ని చివరిసారి ముట్టుకున్నది ఎవరన్న వాదన హాల్లో నాలుగో రోజుకు చేరింది. దుమ్ము దులిపేటప్పుడు సువర్చలే రెగ్యులేటరు తిప్పేసి ఉంటుందని కోదండపాణి అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ రెగ్యులేటరు మీద దుమ్ము దులుపుతున్నది తనేనని, ఏనాడూ ఆగని ఇల్లు ఇప్పుడెందుకు ఆగుతుందని సువర్చల అడిగింది. ఇరవై రెండేళ్ళు తిప్పితే ఏ రెగ్యులేటరైనా పోతుందని ఆయన జవాబిచ్చాడు. మెయిన్ ఆపి ముప్పై లెక్కపెట్టి మళ్ళీ వెయ్యాలని కొడుకు హేమంత్ ఫోనులో చూస్తూ చెప్పాడు. అప్పటికి ఆ పని పంతొమ్మిదిసార్లు చేశారు. దిష్టి తగిలిందని నాయనమ్మ సీతారావమ్మ మంచం మీంచి అంది.

ఇళ్ళు ఆగిపోవడం కొత్తేమీ కాదు. ప్రతి ఇల్లూ ఐదు గంటలకు తన జాబితాలో మొదట ఉన్న మనిషిని వెతుక్కుంటుంది. ఆ మనిషి కనబడితే కుళాయిలో నీళ్ళు వస్తాయి, స్టవ్వు అంటుకుంటుంది, కిటికీల్లోంచి వెలుతురు లోపలికి వస్తుంది, గోడ గడియారం ఐదు దాటుతుంది. కనబడకపోతే స్విచ్‌బోర్డు పైన గోడ మీద నీలం రంగు పేజీ ఒకటి తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. ఫ్యాను రెగ్యులేటరు తిప్పితే ఆ పేజీలో పైకీ కిందికీ వెళ్ళవచ్చు. కాలింగ్ బెల్ నొక్కితే ఖాయం చేసినట్టు. ఈ నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి ఖాయం చేస్తూనే ఉన్నారు, బెల్లు మోగిన ప్రతిసారీ ఎవరో వచ్చారని సీతారావమ్మ పైట సర్దుకుంటూనే ఉంది.

బయట మామూలుగానే తెల్లవారేది. ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. కోదండపాణి గేటు దాటి ఎండలోకి వెళ్ళి కాలేజీలో స్నానం చేసి, ఇంటరు పిల్లలకు కామర్సు చెప్పి, హోటల్లో భోంచేసి, సాయంత్రం మళ్ళీ తెల్లవారుజాము ఐదు గంటల్లోకి తిరిగి వచ్చేవాడు. కూతురు లహరి ఇంటరు రెండో సంవత్సరం. నెలన్నరలో పరీక్షలు. ఆ పిల్ల భౌతికశాస్త్రం పుస్తకాన్ని గోడ మీద నీలం వెలుగుకేసి పట్టుకుని చదువుకునేది.

ఆ పేజీలో మూడో వరస సువర్చలకు కంఠస్థం అయిపోయింది. మొదటి మనిషి: కనబడలేదు. ఆ అక్షరాల ముందు ఆమె నిలబడి ఉండేది. అరచెయ్యి గోడకు ఆనించేది. వంటింట్లోకి వెళ్ళి, లైటర్ నొక్కి, గిన్నెలు చప్పుడు చేసి వచ్చేది. కనబడలేదు అనే ఉండేది.

గురువారం పదకొండింటికి మునిసిపాలిటీ గృహప్రారంభ విభాగం నుంచి సత్యానందం అనే మెకానిక్కు వచ్చాడు. అతను చెప్పులు బయట విడిచి, టార్చి వేసుకుని, ఇంటి యజమాని ఎవరని అడిగాడు. కోదండపాణి సెలవు పెట్టి ఉన్నాడు కాబట్టి ఎదురెళ్ళాడు. సువర్చల వైపు చూపించి, "ఇది ఎప్పట్నుంచి ఆగింది సార్?" అన్నాడు సత్యానందం.

"నేను ఆగలేదు. ఇల్లు ఆగింది" అంది సువర్చల.

"అలాగే అనుకుంటారమ్మా. ముందు మనిషిలో లోపమో ఇంట్లో లోపమో తేల్చాలి" అని, ఆమెను వేరే ఇంట్లో పెట్టి చూస్తానన్నాడు. పద్ధతి అదే. వీధి చివర రమీజాబీ ఇల్లు నడుస్తోంది. ఆమె బట్టలు కుడుతుంది. భర్త పోయిన పదేళ్ళుగా ఒక్కతే ఉంటుంది. సత్యానందం ఆమె అనుమతి తీసుకుని, సువర్చలను లోపలికి పంపించాడు.

ఆమె గడప దాటడంతోనే రమీజాబీ ఇంటి గోడ మీద ఆకుపచ్చటి అక్షరాలు వచ్చాయి. సువర్చల: కనబడింది. కుళాయి తనంతట తాను తెరుచుకుంది. పక్కగదిలో మరో ట్యూబులైటు వెలిగింది. సువర్చల ఆ గోడకేసి చూస్తూ కాసేపు కదలలేదు. తన పేరు పెళ్ళి శుభలేఖ మీద తప్ప ఇంకెక్కడా ఇంత పెద్దగా చూసిన గుర్తు ఆమెకు లేదు.

"మనిషి బాగానే ఉంది సార్, లోపం మీ ఇంట్లోనే" అని సత్యానందం గుమ్మంలోంచే కోదండపాణికి చెప్పాడు. ఆయన ముఖం చిన్నబోయింది. మనిషిలోనే లోపం ఉంటుందని ఆయన నమ్మకంగా ఉన్నాడు.

కారణం దొరకడానికి అరగంట పట్టింది. పోయిన నెల ఇంటింటి సర్వే ఫారాలు వచ్చాయి. కోదండపాణి చేతిరాత ముత్యాల్లా ఉంటుందని వీధిలో పేరు. ఏ ఫారం వచ్చినా వీధివాళ్ళు ఆయన దగ్గరికే తెచ్చుకుంటారు. వరండాలో కుర్చీ వేసుకుని ఒక్క ఆదివారంలో పన్నెండు ఇళ్ళ ఫారాలు నింపాడు. పేరు, వయసు, యజమానితో సంబంధం, చేసే పని. తన పేరు ఎదురుగా లెక్చరర్ అని రాశాడు. హేమంత్ ఎదురుగా ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నాడు అని, లహరి ఎదురుగా విద్యార్థిని అని రాశాడు. భార్య ఎదురుగా, చేసే పని అన్న గడిలో, ఏమీ లేదు అని రాశాడు. పన్నెండు ఇళ్ళకూ ఆ గడిలో అదే రాశాడు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు చుట్టూ నిలబడి, చేతిరాత ఎంత బాగుందో అనుకున్నారు. సువర్చల ఆ పూట అందరికీ టీ పెట్టి ఇచ్చింది.

ఆ ఫారాలను మొన్న ఆదివారం రాత్రి ఆఫీసులో ఎక్కించారు. ఏమీ చెయ్యని మనిషిని జాబితాలో మొదట ఉంచడం అనవసరమని ఇల్లు తనంతట తాను గ్రహించి తీసేసింది. వీధిలో మరో పదకొండు ఇళ్ళు కూడా అదే సోమవారం ఆగిపోయాయి. తన ఫారం తానే నింపుకున్న రమీజాబీ, ఆ గడిలో టైలరు అని రాసి, చోటు చాలక అంచు వెంట ఇంటిపని, వంట అని కూడా రాసింది.

"నేను తప్పేం రాశాను? అందరూ అలాగేగా రాసేది" అన్నాడు కోదండపాణి.

తప్పని ఎవరూ అనలేదని, సవరణ ఫారం ఒకటి ఉందని సత్యానందం ఓదార్పుగా చెప్పాడు. మనిషి చేసే పనులు వేళలతో సహా రాసి ఇస్తే ఆఫీసులో ఎక్కిస్తారు. కోదండపాణి ఫారం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత తీసి, వంట వగైరా అని రాసి సంతకం పెట్టాడు. వగైరా అన్న మాట మీద ఇల్లు లేవదని, ఆ వగైరాలో ఉన్నవన్నీ విడివిడిగా రాయాలని సత్యానందం చెప్పాడు.

అప్పుడు సువర్చల చెప్పడం మొదలుపెట్టింది. ఆయన రాశాడు. పాలు కాచడం, తోడుపెట్టడం, డికాక్షన్ దించడం, అత్తగారి థైరాయిడు మాత్ర పరగడుపున ఇవ్వడం, అరగంట ఆగి కాఫీ ఇవ్వడం, మధ్యలో ఆవిడ అడిగితే ఇవ్వకుండా ఉండడం. ఉదయం తొమ్మిది గంటల పనుల దాకా రాకముందే మొదటి పేజీ నిండిపోయింది. రెండో పేజీలో కోదండపాణి చెయ్యి నొప్పి పుట్టింది. మూడో పేజీలో ఆయన పెన్ను ఆపి, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తుంచుకోవడం కూడా పనేనా అన్నాడు.

"ఎక్కడుందో చెప్పండి" అంది సువర్చల.

ఆయన తల మీద, జేబులో, టీపాయి మీద వెతుక్కున్నాడు. ఫ్రిజ్ మీద ఉందని లహరి చెప్పింది. ఆయన ఆ పనిని రాయలేదు. చుట్టాల పెళ్ళిళ్ళకు ఎవరెవరిని పిలవలేదో తలుచుకుని వాళ్ళు అలగకుండా చూడడం, హేమంత్ నిరుత్సాహపడిన రోజున వాణ్ణి పలకరించకుండా వదిలెయ్యడం కూడా రాయలేదు. ఇవి ఎవరూ నమ్మరన్నాడు.

కానీ ఆఫీసువాళ్ళు నమ్మనిది ఆయన రాసినవాటినే. ఆఫీసులో గుమాస్తా ఆ మూడు పేజీలూ కూడి, రోజుకు ముప్పై ఒక్క గంటలు వస్తున్నాయని, ప్రభుత్వ నియమం ప్రకారం ఏ ఇంట్లోనైనా రోజుకు ఇరవై నాలుగు గంటలే ఉంటాయని, ఇది తప్పుడు ప్రకటన కిందికి వస్తుందని చెప్పాడు. సువర్చల కిటికీకి ఇవతల నిలబడి ఉంది. ఒకే వేళలో రెండు మూడు పనులు జరుగుతాయని ఆమె చెప్పబోయింది. గుమాస్తా, వేళలు ఒకదాని మీద ఒకటి పడకూడదని ఫారం కింద అచ్చు వేసి ఉన్న గమనికను పెన్నుతో చూపించాడు. కోదండపాణి ఆమె భుజం మీదుగా వంగి, నవ్వుతూ, "ఏమనుకోకండి. ఆడవాళ్ళు కదా, కొంచెం ఎక్కువ చేసి చెబుతారు" అన్నాడు. గుమాస్తా కూడా నవ్వి, ఈసారికి కేసు రాయకుండా ఫారం వెనక్కి ఇచ్చేశాడు. తిరిగొచ్చే దారిలో ఎండ మండిపోతున్నా సువర్చల కొంగు నెత్తిన కప్పుకోలేదు.

శుక్రవారం సత్యానందం మళ్ళీ వచ్చి ఇంకో దారి ఉందన్నాడు. ఇంటికి ఫలానా మనిషే కావాలని పట్టుదలేమీ లేదు. ఎవరో ఒకరు మొదట ఉంటే చాలు. అందర్నీ ఒక్కొక్కరుగా పెట్టి చూద్దామన్నాడు.

ముందుగా కోదండపాణిని పెట్టారు. ఇల్లు ఆయన్ను గుర్తించింది. గడియారం ఐదు మీంచి ఒక్క నిమిషం కదిలింది. ఆ తర్వాత గోడ మీద మూడు ప్రశ్నలు వచ్చాయి. లైటర్ ఎక్కడ ఉంటుంది, అత్తగారి మాత్ర కాఫీకి ముందా తర్వాతా, ఇవాళ పాలు ఎన్ని ప్యాకెట్లు. ఆయన మూడింటికీ ఒకే జవాబు చెప్పాడు, "సువర్చలా" అని వంటింటి వైపు కేకేశాడు. ఇల్లు మళ్ళీ నీలంగా అయిపోయింది. అత్తగారు కాదు, మా అమ్మ కదా, ప్రశ్నే తప్పు అని ఆయన చాలాసేపు నొచ్చుకున్నాడు. ప్రశ్నలు కోడళ్ళను బట్టి తయారుచేసినవని సత్యానందం చెప్పాడు.

హేమంత్‌ను పెడితే ఇల్లు మూడుసార్లు పిలిచి ఊరుకుంది. వాడు నిద్రపోతున్నాడు. సీతారావమ్మను పెట్టినప్పుడు మాత్రం గోడ చాలాసేపు ఆలోచించింది. మూడు ప్రశ్నలకూ ఆవిడ చెప్పిన జవాబులు సరైనవే. కానీ అవి కట్టెపొయ్యి నాటి జవాబులు కాబట్టి, ఈ మనిషి పాతది, ఇక పనికిరాదు అని తేల్చింది. ఆవిడ ఆ రెండు మాటలూ లహరి చేత చదివించుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది.

లహరిని పెట్టగానే ఇల్లు లేచింది.

ఒక్కసారిగా లేచింది. కుళాయిలన్నీ పొంగాయి, నాలుగు రోజుల వెలుతురు కిటికీల్లోంచి తోసుకుని వచ్చింది, గడియారం ముళ్ళు గిరగిరా తిరిగి సరైన వేళ దగ్గర నిలబడ్డాయి. మూడు ప్రశ్నలకూ ఆ పిల్ల పుస్తకం మీంచి తలెత్తకుండా జవాబు చెప్పింది. ఎవరూ నేర్పలేదు. పదిహేడేళ్ళుగా చూస్తోంది. హేమంత్ నిద్రలేచి వచ్చి వెలుతురుకు కళ్ళు చిట్లించాడు. కోదండపాణి చప్పట్లు కొట్టాడు.

అప్పుడు గోడ మీద ఇంకో వరస వచ్చింది. ఈ సభ్యురాలికి విద్యార్థిని అనే వేరే పని ఉంది. తొలగించాలా? అవును. కాదు. నలభై ఎనిమిది గంటల్లోగా ఖాయం చెయ్యాలి.

"ఆయన్ను పెట్టినప్పుడు లెక్చరర్ అన్నది తొలగించాలా అని అడగలేదే?" అంది సువర్చల.

సత్యానందం పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, "మగవాళ్ళకి ఆ ప్రశ్న రాదమ్మా. తయారీలోనే అంతే" అన్నాడు. అది లోపం కాదని, లోపమైతే తను బాగుచేసేవాడినని కూడా అన్నాడు.

శనివారం ఐదు గంటలకు ఇల్లు లహరిని లేపింది. సువర్చల మెలకువగానే ఉంది. తను కూడా లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె చేతికి స్టవ్వు అంటుకోలేదు. లహరి నొక్కితే అంటుకుంది. కూతురు పాలు కాస్తూ, నాయనమ్మకు మాత్ర ఇస్తూ, తండ్రికి కాఫీ కలుపుతూ తిరుగుతుంటే తల్లి తలుపు పక్కన ఖాళీ చేతులతో నిలబడింది. భౌతికశాస్త్రం పుస్తకం మిక్సీ పక్కన తెరిచి ఉంది. మొదట దాని మీద మూత పెట్టారు. తర్వాత పాలగిన్నె దించి పెట్టారు. ఏడు గంటలకు అది మూసుకుపోయి, అట్ట మీద గుండ్రటి తడి మరక ఏర్పడింది.

కోదండపాణి కాఫీ ఒక గుక్క తాగి, బాగుంది అన్నాడు. ఆ మాట ఆ వంటింట్లో ఇరవై రెండేళ్ళలో మొదటిసారి వినబడింది. చేతి రుచి అంతా తల్లిదేనని సీతారావమ్మ మంచం మీంచి మెచ్చుకుంది. హేమంత్ రెండో దోసె అడిగాడు. ఇంట్లో మళ్ళీ నవ్వులు వినబడ్డాయి.

"కాలేజీకి నిన్నా వెళ్ళలేదు, ఇవాళా వెళ్ళలేదు నాన్నా. సోమవారం ప్రాక్టికల్స్" అంది లహరి.

"ఇంటరు వచ్చే ఏడు కూడా రాసుకోవచ్చమ్మా. ప్రైవేటుగా కట్టి రాసేవాళ్ళు ఎంతమంది లేరు? నేను దగ్గరుండి చెబుతాగా" అన్నాడు కోదండపాణి. పాఠం చెప్పేటప్పటి గొంతు అది. తాత్కాలికంగా అని కూడా కలిపాడు. పెళ్ళినాడు సువర్చలను డిగ్రీ రెండో ఏడు మధ్యలో తీసుకొచ్చినప్పుడు కూడా ఆ గొంతుతోనే, ఆ మాటే అన్నాడు. ఆయనకు గుర్తులేదు. గుర్తుంచుకునే పని ఆమెది.

సువర్చల చెప్పులేసుకుని రమీజాబీ ఇంటికి వెళ్ళింది. గడప దాటగానే ఆకుపచ్చ అక్షరాలు ఆమెను పలకరించాయి. ఆ గోడలో ఏ వరస దేనికో, రెగ్యులేటరు ఎటు తిప్పితే ఎక్కడికి పోతుందో చూపించమని అడిగింది. ఇన్నేళ్ళూ మీ ఇంట్లో ఎప్పుడూ చూడలేదా అని రమీజాబీ అడిగితే, దుమ్ము దులిపేదాన్నక్కా అని చెప్పింది.

"ఇదిగో ఈ కింద ఇంకో పేజీ ఉంటాది సువర్చలమ్మా. మగోళ్ళు అక్కడిదాకా పోరు, ఓపిక ఉండదు" అని రమీజాబీ కుట్టుమిషను ఆపి లేచి వచ్చింది. ఇద్దరూ ఆ గోడ ముందు గంటన్నర కూర్చున్నారు. వచ్చేటప్పుడు సువర్చల రవిక ముక్క మీద సుద్దతో గీసుకున్న గుర్తులు పట్టుకొచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు కునుకు తీస్తుంటే ఆమె స్విచ్‌బోర్డు దగ్గరికి స్టూలు లాక్కుంది. రెగ్యులేటరు తిప్పుకుంటూ కింది పేజీకి వెళ్ళింది. విద్యార్థిని అన్న పనిని తొలగించాలా అన్న చోట, కాదు. ఈ సభ్యురాలిని చదువు పూర్తయ్యేదాకా జాబితాలో చూపించవద్దు అన్న చోట, అవును. మొదటి మనిషి, కోదండపాణి. రెండో మనిషి, హేమంత్. చివరగా, ఇకమీదట వీటిని మార్చాలంటే చెప్పాల్సిన రహస్యపు మాట ఒకటి పెట్టమని గోడ అడిగితే, ఆమె పెట్టింది. ఈ మార్పులు చేస్తున్నది ఎవరు అన్న గడి మాత్రం, ఏమీ చెయ్యని మనిషి అని, తనంతట తానే నిండింది. ఏమీ చెయ్యని మనిషి చేసే మార్పులను ఆపాలన్న నియమం ఆ ఇంటికి ఎవరూ రాయలేదు.

ఆమె కాలింగ్ బెల్ నొక్కింది. ఎవరో వచ్చారని అందరూ హాల్లోకి వచ్చారు. సీతారావమ్మ పైట సర్దుకుంది.

"ఎవరూ రాలేదు. నేనే నొక్కాను" అంది సువర్చల. గొంతు పెంచలేదు. "లహరి పేరు జాబితాలోంచి తీసేశాను. దాని చదువయ్యేదాకా మళ్ళీ ఎవరూ పెట్టలేరు. రేపు ఐదింటికి ఇల్లు మిమ్మల్ని లేపుతుందండీ. మీరు లేవకపోతే వీణ్ణి. లైటర్ గ్యాసుబండ వెనక మేకుకి ఉంటుంది. మాత్ర కాఫీకి ముందు. పాలు మూడు ప్యాకెట్లు."

"మరి నువ్వు?" అన్నాడు కోదండపాణి.

"నేను ఈ ఇంటికి కనబడను కదా. మీరే రాసిచ్చారు."

ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళు చదువుకునే బల్లను హాల్లోంచి మోసుకెళ్ళి, రమీజాబీ ఇంటి వరండాలో వేసి వచ్చారు. రెండోసారి కుర్చీలు కూడా మోసుకెళ్ళారు, రెండు.

ఆదివారం ఐదింటికి ఇల్లు కోదండపాణిని పిలిచింది. ఆయన దుప్పటి తొలగించి గోడకేసి చూశాడు. మూడు ప్రశ్నలు నీలంగా వెలుగుతున్నాయి. జవాబులు ఆయనకు తెలుసు. నిన్ననే విన్నాడు. కాసేపు ఆలోచించి, దుప్పటి మళ్ళీ కప్పుకున్నాడు. ఇల్లు హేమంత్‌ను కూడా పిలిచి, ఆగిపోయింది. వీధిలో మిగతా పదకొండు ఇళ్ళలో తొమ్మిది ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటిలోని మగవాళ్ళు కాలేజీలకూ ఆఫీసులకూ మామూలుగానే వెళ్ళి వస్తున్నారు. అలవాటైపోతుందని వాళ్ళంటున్నారు. రెండు ఇళ్ళు మాత్రం లేచాయి. ఆ ఇళ్ళలో ఆడపిల్లలున్నారు.

పది గంటలకు సువర్చల, లహరి రమీజాబీ వరండా నుంచి టిఫిను గిన్నె పట్టుకుని వచ్చేసరికి, కోదండపాణి టార్చి వెలుగులో, తమ ఇంటికి మొదటి మనిషి అక్కర్లేదని మునిసిపాలిటీకి ఒక దరఖాస్తు పూర్తిచేసి, ముత్యాల్లాంటి అక్షరాలు ఆరడానికి ఊదుతున్నాడు. తల్లినీ కొడుకునూ పిలిచి కూర్చోబెట్టాడు. వీళ్ళిద్దర్నీ కూడా కూర్చోమన్నాడు. వాళ్ళు గుమ్మంలోనే, ఎండలో నిలబడ్డారు. నీళ్ళు రావని మునిసిపాలిటీ వాళ్ళు చాటింపు వేసేటప్పుడు ఉండే నెమ్మదితో ఆయన చెప్పాడు.

"అన్నీ ఆలోచించాను. రేపట్నుంచి మనింట్లో తెల్లవారదు. ఎవరూ కంగారు పడకండి."